ఫోటోలో కారుని బట్టి సంవత్సరం

పాత ఫోటోలో గుండ్రటి కారు కనబడితే చాలు, "అంబాసిడర్" అనేస్తాం. కానీ అంబాసిడర్ వచ్చింది 1957లో. 1954 నుంచి అదే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల ల్యాండ్‌మాస్టర్ ఉండేది. రెండూ బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మోడల్సే కాబట్టి దూరం నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా వెనక చూడాలి. ల్యాండ్‌మాస్టర్ వెనక భాగం నున్నగా కిందికి జారుతుంది. అంబాసిడర్‌కి లైట్ల దగ్గర చిన్న రెక్కల్లా పైకి లేచి ఉంటుంది.

మా ఇంట్లో ఒక ఫోటో ఉంది. తాతమ్మ ఒళ్లో నెలల పాప. 1955లో పుట్టి ఏడాదికే పోయిన పెద్దబ్బాయా, 1959లో పుట్టిన మా తాతయ్యా? వెనకున్న కారుకి రెక్కలున్నాయి. అంటే తాతయ్యే. "అయితే అన్నయ్య ఫోటో ఒక్కటీ లేదన్నమాట" అన్నారాయన.

ఒకవేళ అది ల్యాండ్‌మాస్టర్ అయ్యుంటే ఏమీ తేలేది కాదు. పాత కారు పదేళ్ల తర్వాత కూడా తిరుగుతుంది కదా! కారు చెప్పేది "ఇంతకంటే ముందు కాదు" అని మాత్రమే.

ఇంకోటి, స్టీరింగ్ ఎడమవైపు కనిపిస్తే వెంటనే ఫారిన్ కారు అనుకోకండి. నెగటివ్ తిరగేసి ప్రింట్ చేశారేమో, చొక్కా జేబు ఎటుందో చూడండి.