సందేహాలు - సమాధానాలు: గూడెం నుంచి క్యాన్సర్ ఆస్పత్రి దాకా

ప్రశ్న: మా ఇంట్లో పనిచేసే అమ్మాయి తల్లికి రొమ్ములో గడ్డ ఉంది. వాళ్లది ఆసిఫాబాద్ దగ్గర గూడెం. నొప్పి లేదని చాన్నాళ్లుగా చూపించుకోలేదు. ఇక్కడ చూపిస్తే నెలల తరబడి ఊరు విడిచి ఉండాలేమోనని భయపడుతోంది.
- ఓ గృహిణి, సైనిక్‌పురి

జవాబు: అమ్మా, నొప్పి లేకపోవడమే రొమ్ము క్యాన్సర్ చేసే మోసం. అలాగని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. సూదితో చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షతో తేలుతుంది. సూది పెడితే జబ్బు పాకుతుందన్న మాట నిజం కాదని ఆమెకు మీరే నచ్చజెప్పండి.

ఆధార్, రేషన్ కార్డుతో ఈ వారమే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగింది. కాగితాల పని ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర చూస్తారు.

ఇక నెలల సంగతి. ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ నగరానికి రాక తప్పదు. అయితే ఒకప్పుడు ఐదు వారాలు సాగిన రేడియేషన్ ఇప్పుడు చాలామందికి 15 విడతల్లో, మూడు వారాల్లో అయిపోతోంది. ఆమెకు అది సరిపోతుందా అని డాక్టరును తప్పక అడగండి. కీమో ఎక్కువగా మూడు వారాలకోసారి ఎక్కిస్తారు, చాలాసార్లు అదే రోజు ఇంటికి పంపేస్తారు. జిల్లా ఆస్పత్రులన్నిటిలో మూడేళ్లలో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. వాళ్లకు దగ్గర్లో అలాంటిది మొదలై ఉంటే కీమో అక్కడే ఇప్పించమనండి. బయాప్సీ ముక్క మీద హార్మోన్, హెర్2 పరీక్షలు కూడా కావాలి. హార్మోన్ రకమైతే ఆ తర్వాత ఏళ్ల తరబడి వేసుకునే మాత్రలు ఇంటి దగ్గరే వాడుకోవచ్చు.

ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం చూపితే చికిత్స కోసం చేసే రైలు ప్రయాణంలో రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ ఉచితం. తోడు వచ్చేవారికి 75 శాతం రాయితీ. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. రెండు కీమోలకే గడ్డ కరిగితే, తగ్గిపోయిందనుకొని కొందరు రావడం మానేస్తారు. తిరిగి వచ్చేసరికి జబ్బు ముదిరిపోతుంది. ప్రతి తేదీకి ముందు ఫోన్ చేసి గుర్తుచేయడం ఆమె కూతురి పనిగా పెట్టండి.

ప్రశ్న: మా కాలనీ మహిళలం ఏజెన్సీ ఊళ్లలో ఒకరోజు మామోగ్రఫీ శిబిరం పెట్టాలనుకుంటున్నాం. మంచిదేనా?
- కాలనీ మహిళా బృందం, సైనిక్‌పురి

జవాబు: మీ మనసు మంచిది, కానీ ఒక్కరోజు శిబిరంతో ఊరికి ఒరిగేది తక్కువ. ముంబయిలో టాటా ఆస్పత్రి లక్షన్నర మంది మహిళలతో 20 ఏళ్లపాటు సాగించిన అధ్యయనం 2021లో వెలువడింది. అందులో వాడింది యంత్రం కాదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. 50 దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2012-16 మధ్య ఉషాలక్ష్మి ఫౌండేషన్ ఇదే పద్ధతిలో రెండు లక్షలకు పైగా మహిళలకు పరీక్షలు చేయించింది.

ఆశా, ఏఎన్ఎంల శిక్షణకు సాయపడండి. మిగిలిన డబ్బుతో రెడ్‌హిల్స్ దగ్గర రోగులు ఉండేందుకు ఒక గది అద్దెకు తీసుకోండి. గడ్డ బయటపడిన మనిషిని ఆస్పత్రికి ఎవరు వెంటబెట్టుకెళ్తారో తేల్చుకోకుండా మాత్రం ఏ ఊళ్లోనూ పరీక్షలు మొదలుపెట్టకండి.