తాళ్లపాక తిమ్మక్క: తొలి తెలుఁగు కవయిత్రి

రాజంపేటకు సమీపమునఁ గల తాళ్లపాక పేరు వినఁబడఁగానే పరీక్షార్థులకు పదకవితాపితామహుఁడగు అన్నమాచార్యుఁడు (1408–1503) స్ఫురించుట సహజమే యైనను, ఆ మహనీయుని ధర్మపత్నియు, పాడుకొనుటకు మిక్కిలి యనువైన కావ్యమును రచించి తెలుఁగున తొలి కవయిత్రిగాఁ బ్రసిద్ధి గాంచినదియు నగు తిమ్మక్కను, అనఁగా తిరుమలమ్మను, అంతటి శ్రద్ధతోనే స్మరింపవలసి యున్నది.

ఆమె కృతి ‘సుభద్రాకల్యాణము’. తీర్థయాత్రకు వెడలిన అర్జునుఁడు యతివేషమున ద్వారకలో నిలిచి సుభద్రను పరిణయమాడిన భారతకథయే దీని యితివృత్తము. ఇది మంజరీద్విపదలో సాగిన కావ్యమని సాహిత్యచరిత్రలు పేర్కొనుచున్నవి.

ఈ ఛందస్సును గూర్చి ప్రశ్నలు తఱచుగా వచ్చును. పాదమునకు మూఁడింద్రగణములు, పిదప నొక సూర్యగణము. మూఁడవ గణము మొదటి యక్షరము యతిస్థానము. ద్విపదకుఁ గల ప్రాసనియమము మంజరికి లేదు. సంస్కృతవృత్తములను విడిచి, అక్షరజ్ఞానము లేని యింతులు సైతము వినినంతనే కంఠస్థము చేయఁగల యీ దేశిచ్ఛందమును వరించుటయందే తిమ్మక్క ప్రతిభ గోచరించుచున్నదని నా దృఢవిశ్వాసము. అన్నమాచార్యుని పౌత్రుఁడగు చిన్నన్నయు తాతగారి చరిత్రమును ద్విపదలోనే రచించెను.

మొల్లయే తొలి కవయిత్రి యని కొందఱు గుర్తించుచుందురు, అది సరికాదు. బద్వేలు చెంతనున్న గోపవరమునకుఁ జెందిన దని ప్రతీతి గల మొల్ల రామాయణకర్త్రి, తిమ్మక్కకుఁ దరువాతి కాలమునది. ఇరువురును కడపసీమ యాఁడుపడుచులే.