పూత వేళకు అందాలంటే

అమ్మలూ,

కంది పూత రాలడం గురించి నువ్వు నెట్‌లో పెట్టిన వ్యాసం గూగుల్‌లో ఎంత వెతికినా కనబడటం లేదని, పట్టుమని పదిమంది కూడా చదవలేదని రాశావు. రాయడం మానేస్తానన్న మాట దగ్గర నా మనసు చివుక్కుమంది. మానకు తల్లీ. మందుల దుకాణంలో చెప్పిందే వేదంగా బతుకుతున్న రైతుకు తెలుగులో నిజమైన జవాబు దొరకాలి.

ముందు ఒకటి తేల్చుకో. గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్‌లో వ్యాసం చిరునామా ఇచ్చి చూడు. ఇండెక్స్‌లో, అంటే గూగుల్ వెతికే జాబితాలో లేదంటే కారణం అక్కడే ఉంటుంది. సెట్టింగుల్లో 'నోఇండెక్స్' ఉండిపోతే ఏళ్లు గడిచినా కనబడదు; అది ఓపికతో తీరేది కాదు, సరిచేసుకోవాల్సిందే. ఇండెక్స్‌లో ఉందంటే మాత్రం ఆగాలి. కొన్ని మార్పుల ఫలితం గంటల్లో కనబడుతుందని, కొన్నిటికి నెలలు పడుతుందని గూగుల్ వాళ్లే చెబుతారు. మంచి చోటు నుంచి లింకు రావడం 1998లో ఆ సంస్థ పుట్టినప్పటి నుంచీ వాళ్ల లెక్కలో ఉంది. కొత్తగా రాసేవాళ్లకు ఆ అండ మెల్లగానే దొరుకుతుంది. "నెలలో మొదటి పేజీకి తెస్తాం" అనేవాళ్లకు పైసా ఇవ్వకు. ప్రకటనల సంగతి వేరు, మామూలు ఫలితాల్లో పై స్థానానికి గూగుల్ డబ్బు తీసుకోదు. కొన్న లింకులను స్పామ్ కింద జమకడుతుంది.

ఇక నీ వ్యాసం. 'కంది సాగు: సవాళ్లు, పరిష్కారాలు' అని పేరు పెట్టావు. చేలో నిలబడి ఫోన్ తీసిన రైతు అలా అడగడు. "కందిలో పూత రాలిపోతోంది, ఏం చేయాలి" అంటాడు, అదీ చాలాసార్లు నోటితోనే. పేరు అలా మార్చు. లింగాకర్షక బుట్టల వివరాల పట్టికను ఫొటోగా పెట్టావు. దాన్ని అక్షరాల్లో రాయి. బొమ్మలో ఉన్న మాటలు సెర్చ్‌కి అందుతాయన్న నమ్మకం లేదు.

అన్నిటికన్నా పెద్ద సంగతి, నువ్వా వ్యాసం పెట్టింది సంక్రాంతికి. జూన్, జూలైల్లో వేసిన కంది అప్పటికి కోతకొచ్చేస్తుంది. రబీలో వేసిన కొద్దిమంది తప్ప పూత గురించి అప్పుడెవరు వెతుకుతారు? మళ్లీ అక్టోబరు, నవంబరులో వెతుకుతారు. అప్పటికి నీ వ్యాసం ఇండెక్స్‌లో కుదురుకుని ఉంటుంది. వెతికే కాలానికి ముందే వ్యాసం ఉండాలి కాబట్టి ఇప్పుడు రాయాల్సింది విత్తనం గురించి: ట్రైకోడెర్మాతో విత్తనశుద్ధి, రైజోబియం పట్టించడం, ఎండు తెగులును తట్టుకునే 'ఆశ' లాంటి రకాలు. మృగశిర కార్తెకు చాలా ముందే పెట్టెయ్యి. పూత వ్యాసం నుంచి దానికి లింకు ఇవ్వు.

సెర్చ్ కన్సోల్‌లో గ్రాఫ్ రోజూ తెరవకు, వారానికోసారి చాలు. ఎంతమంది వచ్చారన్నది కాదు, ఏ మాటలతో వెతికి వచ్చారో చూడు. వాళ్లు అడిగినదానికి నీ వ్యాసంలో జవాబు లేకపోతే ఆ రోజే చేర్చు. విత్తనశుద్ధి వ్యాసం పెట్టేముందు నాకు పంపు, మోతాదులు ఇద్దరం కలిసి సరిచూద్దాం.

నీ పెదనాన్న