ఊపిరితిత్తుల్లో గండి

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం. ఆస్తమా అన్నారని రెండేళ్లు ఇన్‌హేలర్ వాడాం, గుణం లేదు. మొన్న గవర్నర్‌పేటలో సీటీ స్కాన్ తీయిస్తే ‘పల్మనరీ ఏవీఎం’ అని రాశారు. వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ 86. పడుకుంటే హాయిగా ఉంటాడు, లేచి కూర్చుంటేనే ఆయాసం. ఆపరేషన్ తప్పదా?
– ఒక తల్లి, గుడివాడ

సమాధానం: అమ్మా, మీది కాలువల సీమ కాబట్టి ఆ మాటల్లోనే చెబుతాను. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చిన నీరు పిల్లకాలువల్లో పారి, చేలు తడిపి, మిగిలిందే మురుగు కాలువలో పడాలి. మధ్యలో గండి పడితే చేను తడవకుండానే నీరంతా అందులోకి పోతుంది. మీ అబ్బాయికి జరిగిందీ అదే. ఊపిరితిత్తిలో ధమని, సిర నేరుగా కలిసిపోయాయి. వెంట్రుకకన్నా సన్నని నాళాల్లో పారి ప్రాణవాయువు అందుకోవాల్సిన రక్తం, అది అందకుండానే గుండెకు తిరిగి వస్తోంది. ఇలాంటి గండ్లు ఎక్కువగా ఊపిరితిత్తుల కింది భాగంలో ఉంటాయి. లేచి కూర్చుంటే రక్తం అటు దిగుతుంది, ఆయాసం పెరుగుతుంది. ఇన్‌హేలర్ గాలి గొట్టాలకు పనికొస్తుంది గానీ ఈ గండిని పూడ్చలేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఆయాసం కాదు. ఆ సన్నని నాళాలు జల్లెడ కూడా. జల్లెడ తప్పించుకున్న చిన్న రక్తపు గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం, సూక్ష్మక్రిమి చేరితే చీముగడ్డ. ఆయాసం లేనివాళ్లకూ ఈ ముప్పు ఉంది. అందుకే వాయిదా వేయకండి.

ఛాతీ కోయాల్సిన అవసరం సాధారణంగా రాదు. తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టాన్ని గుండె మీదుగా ఊపిరితిత్తి ధమనిలోకి పంపి, గండికి రక్తం తెచ్చే నాళంలో లోహపు చుట్టలు గానీ ప్లగ్ గానీ పెట్టి మూసేస్తారు. ఈ పని ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుది. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మళ్లీ సీటీ తీయించాలి. మూసినది ఒక్కోసారి తెరుచుకుంటుంది.

ప్రశ్న: మా ఆయనకు ఇదే జబ్బుకు కాయిల్ పెట్టారు. ఆయనకూ, మా అత్తగారికీ చిన్నప్పటి నుంచి ముక్కులోంచి రక్తం కారేది. మా పిల్లలకూ పరీక్షలు కావాలా?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

సమాధానం: కావాలి. ఇది హెచ్‌హెచ్‌టీ అనే వంశపారంపర్య జబ్బు కావచ్చు. పెదవుల మీద, నాలుక మీద, వేలి కొసల్లో చిన్న ఎర్రచుక్కలు ఉన్నాయేమో చూడండి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం. పిల్లలకు బబుల్ ఎకో చాలా తేలిక. సెలైన్‌ను గాలితో కలిపి గిలకొట్టి చేతి సిరలోకి ఎక్కిస్తారు. మామూలుగా ఆ బుడగలు ఊపిరితిత్తుల్లోనే ఆగిపోతాయి. మూడు నాలుగు గుండె చప్పుళ్లు గడిచాక ఎడమ గుండెలో తెల్లగా మెరిస్తే, ఊపిరితిత్తుల్లో గండి ఉందని అర్థం. అప్పుడు సీటీ. ఆడపిల్లలకు గర్భం రాకముందే ఈ పరీక్ష పూర్తి చేయించండి, గర్భిణిలో గండి పడిన నాళాలు పగిలే ప్రమాదం ఎక్కువ.

ఇంకొక్క మాట. మీ ఆయన పన్ను పీకించుకోవడానికి వెళ్లినా, కుర్చీలో కూర్చోకముందే ఈ జబ్బు సంగతి చెప్పాలి. ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది.