రాళ్ళలో ఊళ్ళ పేర్లు (గోదావరి లోయ రాక్షసబల్లుల పాఠం)



ఈ నెల గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు మా తొమ్మిదో తరగతిది. నేను శిలాజాల గురించి రాస్తున్నాను. రాక్షసబల్లి అనగానే మనకి సినిమా గుర్తొస్తాది. అవన్నీ అమెరికాలో, చైనాలో ఉండేవనుకుంటాం. అలా కాదు. మన తెలుగు ఊళ్ళ పేర్లు పెట్టుకున్న రాక్షసబల్లులు ఉన్నాయి. ఆ ఊళ్ళు చాలామట్టుకు గోండులు, కోయలు ఉండే సీమలోనివి. అందుకే ఈ పాఠం మన హాస్టల్‌లో అందరూ చదవాలని నా కోరిక.

శిలాజం అంటే ఏటి?

ఒక జంతువు నది పక్కన చచ్చిపోయింది అనుకోండి. మామూలుగా అయితే నక్కలు తింటాయి, ఎండకి ఎముకలు పొడిపొడి అయిపోతాయి. కానీ అప్పుడే వరదొచ్చి బురద కప్పేస్తే గాలి తగలదు. మాంసం కుళ్ళిపోతాది గానీ ఎముక ఉండిపోతాది. ఆ బురద మీద ఇంకో వరద, దాని మీద ఇంకో వరద, అలా లక్షల ఏళ్ళు పేరుకుంటే కింద బురద రాయి అయిపోతాది. నీటిలో కరిగున్న ఖనిజాలు ఎముక సందుల్లోకి దిగి గట్టిపడతాయి. ఎముక ఆకారం అలాగే ఉంటాది గానీ బరువు మాత్రం రాయి బరువు. అదే శిలాజం. ఎముకలే కాదు, పళ్ళు, ఆకులు, చెట్టు మొద్దులు, అడుగు జాడలు కూడా శిలాజాలు అవుతాయి.

మన కొండల్లో ఎందుకు లేవు?

సీతమ్మధార వెనకాల కనిపించే కొండలోగాని, మా ఏజెన్సీ కొండల్లోగాని వెతికితే రాక్షసబల్లి దొరుకుతుందా అని మా క్లాసు పిల్లలు అడిగేరు. దొరకదు. ఎందుకో చెప్తాను.

మన కొండల రాయిని ఖోండలైట్ అంటారు. అది కూడా ఒకప్పుడు బురద, మట్టే. తరవాత భూమి లోపలికి చాలా లోతుకి దిగిపోయి, వేడికి, ఒత్తిడికి పూర్తిగా మారిపోయింది. ఇది జరిగి సుమారు 100 కోట్ల సంవత్సరాలు. అప్పటికి భూమి మీద ఎముకలున్న జంతువే పుట్టలేదు. ఒకవేళ ఏదైనా చిన్న జీవి గుర్తు ఉన్నా నిలవదు. పిండి ముద్ద మీద వేలు పెట్టి నొక్కి, మళ్ళీ దాన్ని పిసికి రొట్టె కాల్చితే వేలి గుర్తు ఉంటుందా? ఉండదు కదా. ఇదీ అంతే. బీచ్‌కి తీసుకెళ్ళినప్పుడు ఇసుకలో ఎర్రటి చిన్న గింజలు చూసే ఉంటారు. అవి గార్నెట్. ఈ కొండరాయి అరిగి అరిగి సముద్రం దగ్గరికి చేరినవి.

ఖోండలైట్ అనే పేరు ఎలా వచ్చిందో తెలుసా? 1902లో టి. ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒడిశా వైపు కలహండి కొండల్లో ఈ రాయిని చూసి, అక్కడ ఉండే ఖోండు ప్రజల పేరు పెట్టేరు. ఖోండులంటే మా వాళ్ళే. మా వైపు కోదులు అంటారు, సామంతులు అని కూడా అంటారు. మేము ఇంట్లో కువి మాట్లాడతాం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మా వాళ్ళ పేరు ఒక రాయికి ఉందని, ఆ పేరు ప్రపంచంలో భూగర్భశాస్త్రం చదివిన వాళ్ళకి తెలుసని నాకు ఇన్నాళ్ళూ తెలీదు. మా అమ్మకి ఇప్పటికీ తెలీదు. సెలవులకి వెళ్ళినప్పుడు చెప్తాను.

గోండ్వానా

ఇలాంటిదే ఇంకో పేరు ఉంది. ఇండియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు ఒకదానికొకటి అంటుకొని ఒకే పెద్ద ఖండంగా ఉండేవి. దాని పేరు గోండ్వానా. గోండ్వానా అంటే గోండుల సీమ. 1872లో హెచ్. బి. మెడ్లికాట్ అనే ఆయన మన దేశంలో ఒక రకం రాతి పొరలకి ఈ పేరు వాడేరు. 1885లో ఎడ్వర్డ్ సూస్ అనే ఆయన మొత్తం ఆ పాత ఖండానికే ఈ పేరు పెట్టేసేరు. సింగరేణి బొగ్గు ఈ గోండ్వానా పొరల్లోదే. ఆ బొగ్గు పొరల కంటే పైన, అంటే తరవాత పడిన పొరల్లో, రాక్షసబల్లుల ఎముకలు ఉన్నాయి.

ప్రాణహిత నది గోదావరిలో కలిసే చోటు చుట్టూ, పాత ఆదిలాబాద్ జిల్లాలోనూ, అవతలి ఒడ్డున మహారాష్ట్రలో సిరొంచ వైపూ ఈ పొరలు పైకి తేలి కనిపిస్తాయి. అందులో రెండు ముఖ్యం. ఒకటి మలేరి పొర, దాని వయస్సు సుమారు 22 కోట్ల ఏళ్ళు. రెండోది దాని పైన ఉండే కోట పొర. దీని వయస్సు కొన్ని పుస్తకాల్లో 16 కోట్లనీ, కొన్నింట్లో 18 కోట్లు దాటిందనీ ఉంది. మలేరి, కోట రెండూ ఊళ్ళ పేర్లే.

ఈ అంకెలు బుర్రలోకి ఎక్కడం కష్టం. మేము ఇలా చేసేము. కోటి ఏళ్ళకి ఒక అడుగు అనుకొని మెస్ గుమ్మం నుంచి నడిచేము. ఆరున్నర అడుగులు వేస్తే రాక్షసబల్లులు అంతరించిపోయిన కాలం. పద్దెనిమిది అడుగులకి కోట పొర. ఇరవై రెండు అడుగులకి మలేరి పొర. వంద అడుగులు వేస్తే ఖోండలైట్. మరి మనలాంటి మనుషులు పుట్టి ఎంత? సుమారు 3 లక్షల ఏళ్ళు. అంటే గుమ్మం దగ్గర ఒక గోరు వెడల్పు! మీరూ నడిచి చూడండి.

పెద్దకాలు బల్లి

కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అని ఉంది. లెక్కల సంస్థ. దాన్ని పెట్టిన మహలనోబిస్ గారు లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే ఆవిడని పిలిచి శిలాజాల పని మొదలెట్టించేరు. వాళ్ళు సిరొంచ దగ్గర పోచంపల్లి అనే ఊరి పక్కన తవ్వితే సుమారు 300 ఎముకలు దొరికేయి. అవి కనీసం ఆరు జంతువులవి. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు. నా కంటే పొడుగు! ఎముకలతోపాటు పెద్ద పెద్ద చెట్టు మొద్దులు కూడా ఉన్నాయి. పెద్ద వరదకి ఒక మంద మొత్తం కొట్టుకొచ్చి ఉంటాదని శాస్త్రవేత్తల ఊహ. 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టేరు. బెంగాలీ వాళ్ళ మాటలో బారాపా అంటే పెద్దకాలు. సారస్ అంటే గ్రీకులో బల్లి. తవ్విన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కాబట్టి చివర ఆయన పేరు. అంత ఒళ్ళున్నా అది ఆకులు తినేదే.

యామనపల్లి బల్లి

ఇది అచ్చంగా తెలుగు బల్లి. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళకి దొరికింది. 1988లో పి. యాదగిరి గారు దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టేరు. కోట పొరలో, యామనపల్లిలో దొరికిన బల్లి అని అర్థం. అన్నీ కలిపి 12 జంతువుల ఎముకలు. పుర్రె మాత్రం దొరకలేదు. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో దాని అస్థిపంజరం నిలబెట్టేరు. మా సీనియర్ అక్క దగ్గరున్న పాత పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో దీని పొడవు 14 మీటర్లు, ఎత్తు 5 మీటర్లు అని ఉంది. మా వరండాలో కొలిస్తే దాని తోక స్టడీహాల్ గుమ్మం దాటిపోయింది.

అదే కోట పొరలో చిన్న జీవులు కూడా దొరికేయి. ఎలకంత జంతువుల పళ్ళు, బియ్యం గింజ కంటే చిన్నవి. మన మెస్‌లో బియ్యంలో రాళ్ళు ఏరతాం కదా, వాళ్ళు రాళ్ళలో గింజలు ఏరతారు. మట్టిరాయిని నీళ్ళలో నానబెట్టి, సన్న జల్లెడ పట్టి, మిగిలిన దాన్ని సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటి చూస్తారు. అలా దొరికిన ఒకదానికి యాదగిరి గారు ఇండోథేరియం ప్రాణహితై అని పేరు పెట్టేరు. అంటే ప్రాణహిత నదికి కూడా పేరొచ్చింది.

కొత్తగా వచ్చిన పేర్లు

2007లో ధర్మారం పొరలో దొరికిన రెండు బల్లులకి పేర్లు పెట్టేరు. ఒకటి లాంప్లుసారా ధర్మారమెన్సిస్. ఇది పమేలా లాంప్లు రాబిన్సన్ గారి పేరు, ధర్మారం ఊరి పేరు కలిపింది. రెండోది ప్రధానియా గ్రాసిలిస్. ఈ రెండో పేరు నాకు అన్నింటికన్నా ఇష్టం. ధుయియా ప్రధాన్ అనే ఆయన ఆ కలకత్తా సంస్థలో శిలాజాలు సేకరించే పని చేసేవారు. ఎండలో తిరిగి, ఎముక ఎక్కడుందో కనిపెట్టి, విరగకుండా తీసే పని. పేరు పెట్టిన శాస్త్రవేత్తలు ఆయన్ని మర్చిపోలేదు.

2011లో ఇంకో రెండు వచ్చేయి. నంబాల ఊరి పేరుతో నంబాలియా, జక్లపల్లి ఊరి పేరుతో జక్లపల్లిసారస్.

అన్నింటికన్నా కొత్తది 2025లో వచ్చింది. మలేరిరాప్టర్ కుట్టియై. రాప్టర్ అంటే లాక్కుపోయేది, దొంగ. ఇది మాంసం తినే జాతి. అన్నారం అనే ఊరి దగ్గర టి. ఎస్. కుట్టి గారికి దొరికింది కాబట్టి ఆయన పేరు. తమాషా ఏంటంటే ఎముకలు దొరికింది 2025లో కాదు. దశాబ్దాల కిందటే దొరికేయి. కొన్ని నడుం ఎముకలు, తోక ఎముక అంతే. 2011లో వాటి గురించి రాసేరు గానీ పేరు పెట్టలేదు. అర్జెంటీనాకి చెందిన మార్టిన్ ఎజ్కురా, ఆయనతో ఉన్నవాళ్ళు మళ్ళీ శ్రద్ధగా చూసి, ఇది ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని జంతువని తేల్చేరు. దీని చుట్టాలు అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల్లో దొరికేయి. అంత దూరంలో చుట్టాలు ఎలాగ? అప్పుడు సముద్రం అడ్డం లేదు, గోండ్వానా కలిసే ఉంది కాబట్టి.

దీన్నిబట్టి నాకు ఒకటి అర్థమైంది. కొత్త జంతువు దొరకడానికి కొత్త గొయ్యే తవ్వక్కర్లేదు. బీరువాలో ఉన్నదాన్ని రెండోసారి సరిగ్గా చూసినా దొరుకుతాది.

నా ఆలోచన

గోండుల పేరు ఖండానికి ఉంది. మా ఖోండుల పేరు కొండరాయికి ఉంది. యామనపల్లి, నంబాల, ధర్మారం పేర్లు ప్రపంచం పుస్తకాల్లో ఉన్నాయి. సంతోషమే. కానీ పేర్లు పెట్టినవాళ్ళ జాబితా నేను చదివిన పుస్తకాల్లో చూసేను. లండన్ వాళ్ళు, కలకత్తా వాళ్ళు, హైదరాబాద్ వాళ్ళు, అర్జెంటీనా వాళ్ళు ఉన్నారు. కోదు పిల్ల, గోండు పిల్ల, బగత పిల్ల, పోర్జ పిల్ల కనబడలేదు. మన పేరు రాయి మీద ఉండడం వేరు, మనం పేరు పెట్టడం వేరు. పదో తరగతి అవగానే మనలో చాలామందిని ఇంటికి రమ్మంటారు. వెళ్ళిపోతే మన పేరు వేరేవాళ్ళే రాస్తారు. ఇంటరు, డిగ్రీ చదివి భూగర్భశాస్త్రం తీసుకోవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీ మన ఊళ్ళోనే ఉంది, సీతమ్మధార నుంచి సిటీ బస్సు దూరం. కొండ ఎక్కడం, ఎండలో నడవడం, ఏ రాయి ఏ వాగులోదో గుర్తుపట్టడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మిగతాది చదువుకుంటే వస్తాది.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ల్యాబ్ గదిలో ఒక చెక్క అర ఇప్పించండి. సెలవులకి వెళ్ళిన ప్రతి పిల్లా తన ఊరి రాయి ఒకటి తెస్తాది. దానికి నియమాలు ఇవి:

1. రాయితోపాటు చీటీ ఉండాలి. ఊరి పేరు, ఏ కొండ, ఏ గెడ్డ, తేదీ, తెచ్చినవాళ్ళ పేరు రాయాలి. ఎక్కడిదో తెలియని రాయి శాస్త్రానికి పనికిరాదు.
2. ఒకటే తేవాలి, అరచేతిలో పట్టేది.
3. గుడి రాయి, పూజ రాయి, ఎవరి హద్దు రాయి ముట్టుకోకూడదు.
4. ఎక్కడైనా రాయిలో ఎముకలాంటిది, ఆకు గుర్తులాంటిది కనిపిస్తే కొట్టి తీయకూడదు. అలాగే వదిలి, చోటు గుర్తుపెట్టుకొని మాస్టారికి చెప్పాలి.

చెప్పుకోండి చూద్దాం

1. ఖోండలైట్‌లో రాక్షసబల్లి శిలాజం ఎందుకు దొరకదు?
2. నది పేరు పెట్టుకున్న చిన్న జంతువు ఏది?
3. మలేరిరాప్టర్ చుట్టాలు అంత దూరంలో ఎందుకు దొరికేయి?
4. కోటి ఏళ్ళకి ఒక అడుగు అయితే, కోట పొరకీ మలేరి పొరకీ మధ్య ఎన్ని అడుగులు?

జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక కింద కట్టిన సంచిలో వెయ్యండి. అన్నీ సరిగ్గా రాసినవాళ్ళ పేర్లు వచ్చే నెల పత్రికలో పెద్ద అక్షరాలతో రాస్తాం.

తొమ్మిదో తరగతి విద్యార్థిని