తొట్టిలో తుంగ

మిరపతోటలో, పత్తిచేలో తుంగ పీకి పీకి చేతులు కాయలు కాసినవాళ్లం మనం. ఇంట్లో తుంగ పెంచమంటే కోపమే వస్తుంది. నేను చెప్పేది దాని దాయాది సంగతి. నర్సరీల్లో అంబ్రెల్లా పామ్ అని అమ్ముతారు. పేరుకే పామ్, అసలు అది ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి వచ్చిన తుంగ. పొడవాటి కాడ, కొసన గొడుగులా విచ్చుకున్న ఆకులు. చేలో తుంగకు నేలలోపల గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి, ఒక్కటి మిగిలినా మొలుస్తుంది. దీనికి గడ్డలుండవు, మొదట్లోనే పిలకలేస్తుంది.

నల్లరేగడిలో నీళ్లు నిలిచి గులాబీ వేరు కుళ్లుతుంది. దీనికి ఆ నిలిచే నీళ్లే ప్రాణం. మన మట్టికి ఇంతకంటే నప్పే అలంకార మొక్క నాకు కనబడలేదు.

ముందు మట్టి. చేనుమట్టి తెస్తే తుంగగడ్డలు వెంట వస్తాయి. ఎండాకాలంలోనే పలచగా పరిచి, తిరగేస్తూ రెండు వారాలు ఎండబెట్టండి, గడ్డలు ఎండి చస్తాయి. ఆనక జల్లెడ పట్టండి. బొక్కలేని తొట్టిలో అడుగున బాగా మాగిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు చాలు, ఎక్కువైతే నీళ్లు కంపుకొడతాయి.

మొక్క కొననక్కర్లేదు. ఆరుద్ర కార్తెలో ఎవరి పెరట్లోనైనా ఒక గొడుగు అడగండి. రెండంగుళాల కాడతో కోసి, ఆకుల్ని సగానికి కత్తిరించి, గిన్నెడు నీళ్లలో తలకిందులుగా వేయండి. రెండు మూడు వారాల్లో ఆకుల మొదళ్ల నుంచి తెల్లటి వేళ్లు, పచ్చటి పిలకలు వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు పండగలా అనిపించింది. వాటిని తొట్టిలో నాటి, మట్టి మీద రెండంగుళాల నీళ్లు నిలపండి.

ఆ నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గప్పీ చేపలు వదలండి, లేదా వారానికోసారి నీళ్లు వంపి కొత్తవి పోయండి.

ప్రకాశం వైపు ఉప్పటి బోరునీళ్లకు ఆకు కొసలు మాడతాయి, వాననీళ్లు పట్టి పోస్తే తేరుకుంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం నీడ ఉండాలి. పసుపెక్కిన కాడల్ని మొదలంటా కోసేయండి.

పూత గోధుమరంగుకు తిరిగేలోపే తుంచండి, గింజ రాలితే తడి ఉన్నచోటల్లా మొలుస్తుంది. తీసేసిన పిలకల్ని సాగర్ కాలువలోనో మురుగుకాలువలోనో పారేయకండి. ఎండబెట్టి పొయ్యిలో పెట్టండి.