నాలుగు నెలల పాపకు జలుబు, పిల్లికూతలు: యాంటీబయాటిక్ అవసరమా?

ఈ వయసులో జలుబుతో మొదలై పిల్లికూతలకు దారితీసే జబ్బు చాలావరకు బ్రాంకియోలైటిస్. ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ వల్ల వస్తుంది. 1956లో చింపాంజీల్లో తొలిసారి గుర్తించిన ఈ వైరస్, రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ సోకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఇది చాలావరకు వట్టి పడిశమే. పసివాళ్లలో మాత్రం ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగొట్టాలు వాచి, కఫంతో పూడుకుపోతాయి. 3 నుంచి 5 రోజుల మధ్య బాధ ఎక్కువై, తర్వాత నెమ్మదిస్తుంది. దగ్గు రెండు మూడు వారాలు సాగవచ్చు.

వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. దగ్గు సిరప్ వద్దు, ఏడాదిలోపు తేనె అసలే వద్దు. పాలిచ్చే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టాలి. జలుబున్నవాళ్లు బిడ్డను ముద్దాడకూడదు. ఎత్తుకునే ముందు ఎవరైనా సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం ఊపిరి లెక్క. పాప నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి నిండు నిమిషం చూడాలి. రెండు నెలల నుంచి ఏడాది వయసులో నిమిషానికి 50, అంతకు మించితే ప్రమాదం. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు సగానికి తగ్గినా, పెదవులు నీలిబారినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.